వెంట్రుకవాసి ఎత్తు

“మెత్తగా ఏమైనా ఉంటే పెట్టమ్మాయ్, లేకపోతే పాలు చాలు,” అంది అత్తగారు.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. లేకపోవడమే కోడలికి గుచ్చుకుంది. మూడు వారాల క్రితం వరకు ఆవిడ ఈ బల్ల ముందు కూర్చుంటే, ఉప్పు దగ్గర మొదలుపెట్టి కోడలి పుట్టింటి పెంపకం దాకా వెళ్ళి, తిరుగుదారిలో మళ్ళీ ఉప్పు దగ్గర ఆగేది. ఇప్పుడు రొట్టెను గోళ్ళతో తుంపి, పాలలో ముంచి, అది నానేదాకా గోడవైపు చూస్తూ కూర్చుంటోంది.

కోడలు పదిహేడేళ్ళుగా పళ్ళ ల్యాబులో పనిచేస్తోంది. డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి పంపుతారు. ఆ ప్లాస్టర్ దవడల మీద మైనం పరిచి, పన్ను తరువాత పన్ను నిలబెట్టి, ఊడినవాటికి బదులు కట్టుడు పళ్ళూ, విరిగినవాటికి తొడుగులూ తయారుచేయడం ఆమె పని. రోగులకు ఆమె ముఖం తెలియదు. ఆమెకు వాళ్ళ నోళ్ళు తప్ప మరేమీ తెలియవు. అయినా అచ్చు చూసి ఈ మనిషి నిద్రలో పళ్ళు కొరుకుతాడనీ, ఈమె ఒకవైపే నములుతుందనీ చెప్పగలదు. ఇంట్లో మాత్రం ఆ విద్యకు హోదా రాలేదు. మీ ఆవిడ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే భర్త “పళ్ళ వ్యాపారం” అని ఊరుకునేవాడు. వచ్చినవాళ్ళు అరటిపళ్ళా, ద్రాక్షపళ్ళా అని అడగడం, అప్పుడాయన అసలు సంగతి విప్పడం, అందరూ నవ్వడం, ఆమె ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి నడవడం, ఇదీ ఆ ఇంటి వరస.

అత్తగారి పళ్ళు కూడా ఆమే చేసింది. ఇంటిపని ముగిశాక మిగిలిన ఆరు సాయంత్రాలు వాటికే పెట్టింది. పాత ఫొటో ఒకటి వెతికి, ఆవిడ ముందుపన్ను కాస్త పక్కకు తిరిగి ఉండేదని కనిపెట్టి, అదే ఒంపుతో నిలబెట్టింది. తొలిసారి పెట్టుకున్న రోజున అత్తగారు అద్దం ముందు చాలాసేపు నిలబడి, “నా పెళ్ళినాటి పన్ను,” అని మాత్రం అంది. కోడలికి పదిహేడేళ్ళలో అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ ఇవ్వలేదు.

చివరి సర్దుబాటు డాక్టరు కుర్చీలో జరగాలి. భర్త ఒప్పుకోలేదు. “ఇంట్లో మనిషిని పెట్టుకుని అమ్మను అంత దూరం తిప్పడం దేనికి? నీకెలాగూ చేతిలో పనే కదా,” అన్నాడు. అలా ల్యాబు నుంచి చిన్న గ్రైండింగ్ మిషను ఇంటికి వచ్చింది. హాల్లో అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, తాను నేల మీద మోకాళ్ళు ఆనించి, పై పళ్ళకూ కింది పళ్ళకూ నడుమ నీలి కాగితం పెట్టి, “టక్కుమని కొట్టండి, అత్తయ్యా,” అంది. ఆ కాగితం వెంట్రుక కంటే పలుచన. ఎత్తుగా ఉన్నచోట అది ముదురు నీలి మచ్చ వేస్తుంది. మచ్చ పడినచోట గీకాలి. గీకకపోతే, వేర్లు లేని ఆ పళ్ళు నమిలినప్పుడల్లా మొత్తంగా ఊగి కింద చిగురును నలుపుతాయి. ఇందులో శాస్త్రమే తప్ప అదృష్టానికి చోటు లేదు.

ఎడమవైపు కింది దవడపన్ను మీద మచ్చ పడింది. ఆమె మిషను అందుకుంది. అప్పుడే అత్తగారు, కాగితం నుంచి విడుదలైన నోటితో, కొడుకువైపు తిరిగి అంది: “ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ బాగుచేస్తుందిరా మీ ఆవిడ, ఇంట్లోవాళ్ళ నోటికి మాత్రం రుచిగా ఒక్క ముద్ద పెట్టలేదు.”

పేపరు చదువుతున్న భర్త తలెత్తి హాయిగా నవ్వాడు.

కోడలు మిషను కింద పెట్టింది. నీలిమచ్చను దూదితో తుడిచింది. “బాగానే ఉంది. సరిపోయింది,” అంది.

ముందుగా వేసుకున్న పథకమేమీ కాదు. ఒక ఊపిరి తీసుకుని వదిలేంత సేపట్లో జరిగిపోయింది. రేపు గీకుదామనుకుంది. మర్నాడు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నోరు విప్పితే చురుక్కుమంటోంది కాబట్టి అత్తగారు అవసరానికి మించి విప్పడం మానేసింది. గిన్నెలు తోముకుంటుంటే కోడలికి నీళ్ళ చప్పుడు వినిపించింది. ఇన్నేళ్ళలో అది వినిపించడం అదే మొదలు. ఆ వారం ఒక పుస్తకం పూర్తిచేసింది. చిగురు నలిపినందుకు కాదు, ఆ నిశ్శబ్దం తనకు సుఖంగా ఉన్నందుకే ఆమె తనను తాను క్షమించుకోలేకపోయింది.

కారణాలకేం, తలా ఒకటి చెప్పారు. ఆవిడ టైము బాగాలేదంది పక్కింటావిడ. వయసన్నాడు భర్త. కొత్తలో అలాగే ఉంటుంది, రెండు వారాలు ఓపిక పట్టమన్నాడు ఫోనులో డాక్టరు. అసలు కారణం వెంట్రుకవాసి ఎత్తని తెలిసిన ఒకే ఒక్క మనిషి వాళ్ళందరికీ తలూపుతూ టీ పోసింది. గీకి ఉన్నా పుండు పడేదేమోనని తనలో తాను వాదించుకుంది కూడా. కానీ పోల్చి చూసుకోవడానికి ఇంకో నోరు లేదు, ఇంకో అత్తగారూ లేదు. ఉన్నది ఒక్క పుండు, ఒక్క మచ్చ, రెండూ ఎడమవైపే.

ఆదివారం మధ్యాహ్నం అత్తగారు పళ్ళు తీసి కడిగి, డబ్బాలో పెట్టి, మూత బిగించి తెచ్చి ఇచ్చింది.

“ఎక్కడైనా దాచెయ్యమ్మాయ్. ఇక పెట్టుకోను.”

“ఇంకొన్నాళ్ళు చూద్దాం అత్తయ్యా.”

“నీ పనికి వంక పెట్టటం లేదులే. నా నోరే మంచిది కాదు.”

చిన్నప్పటి నుంచీ ఆవిడ గురించి జనం అన్న మాట అది. ఇప్పుడు దాన్ని తన చిగురుకు తానే అతికించుకుంది. తన మాటలే పుండై కూర్చున్నాయని ఆవిడ నమ్మకం. లెక్క అంతా తప్పు చేసి సరైన జవాబు రాబట్టినట్టుంది. మాటే పుండయింది నిజమే. నడుమ కోడలి చెయ్యి ఉందన్న ఒక్క మెట్టే ఆ లెక్కలో లేదు. కోడలు ఊరుకుంటే ఈ మనిషి మిగిలిన రోజులన్నీ బోసినోటితో, తన తప్పే అనుకుంటూ, రొట్టె నానేదాకా గోడను చూస్తూ గడుపుతుంది.

కోడలు కిటికీ దగ్గరికి కుర్చీ లాగింది. టార్చి వేసి చూసింది. చిగురు మీద పెసరగింజంత తెల్లటి పుండు. “ఒక్కసారి ఓర్చుకోండి,” అని పళ్ళు పెట్టించి నీలి కాగితం అందించింది. అత్తగారు కళ్ళు మూసుకుని కొట్టింది. అదే పన్ను, అదే మచ్చ. పళ్ళు బయటికి తీసి మిషను ప్లగ్గుకు తగిలించింది. పదిహేను సెకన్ల పని. ఆ చప్పుడులో సాక్ష్యమంతా తెల్లటి పొడిగా రాలిపోతుంది. ఎవరికీ, ఎప్పటికీ తెలియదు. ఆ సంగతి తట్టాకే మీట నొక్కలేకపోయింది.

“అత్తయ్యా, ఈ మచ్చ మొదటి రోజే నాకు కనపడింది. చూసి కూడా గీకలేదు. బాగానే ఉందని అబద్ధం చెప్పాను.”

అత్తగారు బోసినోటిని అరచేత్తో తుడుచుకుంది.

“పొరపాటేలే. ఎవరికైనా అవుతుంది.”

“పొరపాటు కాదు. మీరన్న మాటకు కోపమొచ్చి వదిలేశాను.”

“ఏమన్నానేమిటి?”

కోడలు చెప్పింది, అక్షరం పొల్లుపోకుండా. అత్తగారు ఇంకెవరి మాటో విన్నట్టు విన్నది.

“అన్నాను కాబోలు, గుర్తులేదు. అలాంటిదేదైనా అంటే వాడు నవ్వుతాడు. లేకపోతే ఆ పేపర్లోంచి తలెత్తడు కదా.”

కోడలి చేతిలో మిషను బరువెక్కింది. ఆ రోజు తనను కోసింది మాట కాదు. అలాంటి మాటలు వేల కొద్దీ విన్నది. కోసింది ఆ నవ్వు. నవ్విన నోరు ఒకటి, పుండు పడిన నోరు ఒకటి. చేతికి అందిన నోటి మీద కోపం తీర్చుకుంది. ఇది తెలిసినంత మాత్రాన తన తప్పు ఇసుమంతైనా తగ్గదని కూడా ఆమెకు తెలుసు.

“ఇరవై రెండు రోజులు,” అంది అత్తగారు. “అంత పగదాన్నా నీకు?”

“కాదు అత్తయ్యా.”

“మరి?”

అత్తగారు కళ్ళు తుడుచుకుని, కొంగు సర్దుకుని, మామూలు గొంతు వెతికి తెచ్చుకుంది.

“కానియ్, గీకు. చూస్తావేం. వాడికి మాత్రం చెప్పకు. నీకు చేతకాలేదని చెప్పు. వాడు నమ్ముతాడు, నవ్వుతాడు, అయిపోతుంది.”

అది క్షమించడం కంటే పెద్దది, కోడలికి తెలుసు. ఇరవై రెండు రోజుల నొప్పిని ఆవిడ ఒక్క మాట కింద పూడ్చేస్తానంటోంది. ఆ మాట కింద కోడలి తప్పూ కనపడదు, పదిహేడేళ్ళ పనితనమూ కనపడదు. మీట నొక్కింది. పొడి రాలింది. మళ్ళీ కాగితం పెట్టి చూసింది. నీలం అన్ని పళ్ళ మీదా సమంగా, లేతగా పడింది. “నాలుగు రోజులు పెట్టుకోకండి. పుండు మానాక మళ్ళీ చూద్దాం,” అంది.

చప్పుడు విని భర్త గుమ్మంలోకి వచ్చాడు, చేతిలో పేపరుతో.

“ఏంటి, మళ్ళీ సానబట్టుడు కార్యక్రమమా? మొన్నే చెప్పానమ్మా, ఈవిడకు చేతకాదు, బయట చేయిద్దామని.”

అంత దూరం తిప్పడం దేనికన్నది తానేనని మరిచాడు. నవ్వు పెదవుల దాకా వచ్చి, తల్లి అందుకుంటుందేమోనని ఎదురుచూస్తోంది. అత్తగారు కోడలివైపు చూసి, వద్దన్నట్టు కనురెప్పలు ఒక్కసారి వాల్చి ఎత్తింది.

కోడలు మిషను పక్కన పెట్టి, తీసిన పళ్ళను గుడ్డతో తుడిచి, అత్తగారి ఒడిలో పెట్టి లేచి నిలబడింది.

“చేతకాక కాదండీ. చేతనయ్యే చేశాను. కూర్చోండి, ఎందుకో చెబుతాను.”