ఇంకొకరి హాజరు

మా ఆయన పోయాక, మనవల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తులు తప్పుతాయి, పేజీ నింపడానికి పూట పడుతుంది. పెద్ద మనసుతో సర్దుకుని చదవండి.

విజయనగరంలో ఒక ఇంజనీరింగు కాలేజీ. మెకానికల్ రెండో సంవత్సరం క్లాసులో సీతారామారావు మాస్టారు హాజరు పిలుస్తున్నారు.

"ఉమాశంకర్!"

"ప్రెజెంట్ సార్!" వెనక బెంచీ నుంచి గోపి ముక్కుతో పలికాడు.

పక్కనున్న రాంబాబు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఒరే, ఆడికన్నా నువ్వే బాగా పలుకుతన్నావు. పరీచ్చ కూడా నువ్వే రాసీ!"

ఉమాశంకర్, గోపీ కలిసి ఉండే అద్దె గదిలో జ్వరంతో పడుకుని ఉన్నాడు. వాళ్ళది కోటబొమ్మాళి దగ్గర పల్లె. క్లాసుకు రానివాళ్ళ ఇంటికి సాయంత్రం కాలేజీ నుంచి ఫోను వెళ్తుంది. 'మీ అబ్బాయి ఈ రోజు రాలేదు' అని రికార్డు చేసిన గొంతు చెబుతుంది.

"ఆ ఫోనెల్తే మాయమ్మ కలుపొగ్గేసి పరిగెట్టుకొచ్చేస్తాది. నువ్వు పలికీరా బావా," అని ఉమాశంకరే అడిగాడు.

స్నేహితుడి మాట గోపి కాదనలేదు. పైగా ఇంజనీర్ల దినోత్సవం దగ్గర పడింది. ఆ రోజు ఆడే తప్పెటగుళ్ళ జట్టులో ముందు వరస అతనిది. పొద్దున్నే ఇడ్లీ పొట్లం, జ్వరం బిళ్ళ మంచం పక్కన పెట్టేవాడు. క్లాసులో రెండు పేర్లకూ పలికేవాడు. సాయంత్రం రొమ్ముకు తప్పెట కట్టుకుని గెంతేవాడు. గదికి వచ్చేసరికి మిత్రుడు కళ్ళు మూసుకుని ఉంటే, నిద్ర పట్టింది, మంచిదే అనుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఏదో పని మీద గదికి వెళ్తే, ఇడ్లీ పొట్లం విప్పనే లేదు.

"ఒరే శంకరా!"

ఉలుకూ పలుకూ లేదు. ఒళ్ళు కాలుతోంది. పెదవుల మీద రక్తం.

ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. డెంగీ ముదిరిపోయిందనీ, రక్తకణాలు ఎక్కించాలనీ, అయినా బతుకుతాడని మాట ఇవ్వలేమనీ డాక్టరుగారు అన్నారు.

కబురందగానే తల్లి నారాయణమ్మ కాళ్ళకు పొలం బురదతోనే రైలెక్కి వచ్చింది.

"నిన్న ఫోను సేస్తే ఆడెత్తనేదు బాబూ. కాలేజీ వోల్ల ఫోను రానేదు కదా, కలాసులో ఉన్నాడులే అని దైర్నంగా పడుకున్నాను. మరి ఆ ఫోనెందుకు రానేదో?"

గోపి నేల చూస్తూ అంతా చెప్పేశాడు. ఆమె కోప్పడలేదు. కొంగు నోట్లో కుక్కుకుని కొడుకు మంచం పక్కన కూలబడింది.

"కలాసులో నేని మనిసిని ఉన్నాడని సెప్పీసినాక, ఆడికోసం ఇంకెవులెతుకుతారు నాయినా?"

మర్నాడు గోపి తిన్నగా క్లాసుకు వెళ్ళాడు. హాజరు నడుస్తోంది.

"ఉమాశంకర్!"

"ప్రెజెంట్ సార్!" రాంబాబు పలికాడు. గోపి లేని లోటు తాను తీరుస్తున్నాననుకున్నాడు పాపం.

"లేడండీ!" గుమ్మంలోంచే గోపి అరిచాడు. "ఆస్పత్రిలో సావుబతుకుల్లో ఉన్నాడు. ఇన్నాళ్ళూ పలికింది నేనేనండి. మీరేటి సేసినా పడతాను. ముందు ఆడికి రక్తం కావాలి."

ఎవరూ నవ్వలేదు. మాస్టారు పాఠం ఆపి, క్లాసునంతా వెంటబెట్టుకుని ఆసుపత్రికి నడిచారు. పిల్లలు వరసకట్టి రక్తం ఇచ్చారు. శిక్షగా కాలేజీ గోపిని వేడుకల నుంచి తప్పించింది. అతను ఆ రోజులన్నీ వార్డు వరండాలోనే గడిపాడు. ఉమాశంకర్ కళ్ళు తెరిచాడని నర్సు చెప్పిన రోజు, మాస్టారు పిల్లలందరినీ దగ్గరకు పిలిచారు.

"నాయనలారా, ఆ తల్లి అదృష్టం బాగుంది. అన్నిసార్లూ ఉండదు. స్నేహితుడు క్లాసుకు రాకపోతే వెళ్ళి వాడి నుదుటి మీద చెయ్యి వేసి చూడండి. ఆ పని మీ గొంతు చెయ్యలేదు."

గొర్లె జగ్గమ్మ,
అరవై ఎనిమిదేళ్ళు,
ప్రస్తుతం భోగాపురంలో చిన్నకూతురి ఇంట.