మార్కెట్ పైగది

"కూర కింద మంట తగ్గించి ఒక్కసారి ఇలా రా. సంతకం పెట్టాలి," అన్నాడు మా ఆయన హాల్లోంచి.

చేతులు తుడుచుకుంటూ వెళ్ళాను. ఆయన వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టి వచ్చి, కూర కలిపాను. అడుగంటలేదు.

నాలుగేళ్ళుగా ఇదే వరస. ఈ వార్డుకి కౌన్సిలర్ని నేను. కానీ వీధిలో 'కౌన్సిలర్ గారు' అంటే ఇప్పటికీ ఆయనే. నాకంటే ముందు పన్నెండేళ్ళు ఆ కుర్చీలో ఉన్నాడు. మొదట్లో మంచి పేరే, కాదనను. నీళ్ళు రాని మూడు వీధులకి పైపులు వేయించాడు. ఆ రోజు జనం ఆయన్ని భుజాల మీద ఎత్తుకుంటే నేనూ గుమ్మంలో నిలబడి పొంగిపోయాను. తర్వాత పార్కు స్థలంలో ఆయన స్నేహితుడి షెడ్డు లేచింది. ఇదేమిటని అడిగిన ఆఫీసరు మీద చెయ్యి చేసుకున్నాడు. ఐదేళ్ళు పోటీ చెయ్యకూడదని కోర్టు తీర్పిచ్చింది. ఆ మర్నాడు మా ఇంటికి ఫోటోగ్రాఫర్ వచ్చి, "కొంచెం నవ్వండి మేడమ్," అన్నాడు. నన్ను అడగడమంటే అదొక్కటే. పోస్టర్లో నా బొమ్మకంటే ఆయన బొమ్మే పెద్దది. "నా కొడుకు కుర్చీ చల్లారిపోకుండా చూడమ్మా, అంతే నీ పని," అంది అత్తయ్య. పొద్దున్నే వచ్చిపడే పాతికమందికి కాఫీలు ఇచ్చి, కప్పులు కడిగి, వంట ముగించి, చీర మార్చుకుని మీటింగుకి వెళ్తాను. గ్యాలరీలో కూర్చున్న ఆయన తల ఊపితే చెయ్యెత్తుతాను. ఒకసారి ఆఫీసు వరండాలో ఒక గుమాస్తా అంటుంటే విన్నాను: "స్టాంపు వచ్చింది, ఫైలు పంపండి." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను కనబడగానే నోళ్ళు మూతబడ్డాయి. వాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందని నేనే నవ్వేశాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మర్నాడు ఆయన వాకింగ్‌కి వెళ్ళగానే కార్పొరేషన్‌లో పనిచేసే కుర్ర ఇంజనీరమ్మ వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మేడమ్, నిన్న మీరు సంతకం పెట్టిన కాగితం చదివారా?"

"లేదు."

"మార్కెట్ భవనం గట్టిగా ఉందని రాసుంది అందులో. నేను ఇచ్చిన రిపోర్టు అది కాదు. స్తంభాలు దెబ్బతిన్నాయి, పైగది వెంటనే ఖాళీ చేయించాలని రాశాను. మార్చేశారు." నా చేతిలో ఒక కవరు పెట్టి, వెనక్కి చూసుకుంటూ వెళ్ళిపోయింది.

కూరగాయల సంచి పట్టుకుని మార్కెట్‌కి వెళ్ళి, మెట్లెక్కాను. పైగదిలో ముప్ఫైమంది ఆడవాళ్ళు వరసగా కుట్టుమిషన్ల ముందు కూర్చుని ఉన్నారు. మూల స్తంభానికి కొత్తగా సున్నం వేశారు. ఆ సున్నంలోంచే మళ్ళీ పగులు వచ్చింది. నా వేలు అందులోకి దూరింది. కింద లారీ వెళ్తే నేల సన్నగా వణికింది. ఒకామె ఒళ్ళో సిమెంటు పొడి రాలితే తల ఎత్తకుండానే దులిపేసుకుంది.

"రోజూ రాలుతుంది మేడమ్. అలవాటైపోయింది," అంది.

ఇంటికొచ్చి, ఆయన భోంచేస్తుండగా అడిగాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"అది మేయర్ గారి బావమరిది కట్టిన భవనం. ఖాళీ చేయిస్తే వచ్చే ఏడు నాకు టికెట్ ఇస్తారా?"

"పడిపోతే?"

"పడితే సంతకం ఎవరిది?" అన్నాడు, పెరుగు వడ్డించుకుంటూ. "భయపడకు. ఆడది, తెలియక పెట్టింది అంటే జనం జాలిపడతారు. లాయర్ని నేనే చూస్తాను."

"ఇకమీదట నేను చదవకుండా పెట్టను."

చెయ్యి కడుక్కుని వచ్చి సొరుగు లాగాడు. నా పేరున్న లెటర్‌హెడ్లు, అన్నీ ఖాళీవి, ప్రతిదాని కిందా నా సంతకం. ఎప్పుడో ఊరెళ్తూ అవసరానికని పెట్టించుకున్నవి. "నువ్వు పెట్టకపోయినా ఇవున్నాయిగా," అని సొరుగు మెల్లగా మూశాడు. ఎదురుగా నిలబడ్డ ఈ మనిషి నా చావుకైనా నా చేతే సంతకం పెట్టించగలడని అప్పుడు అర్థమైంది. పదిహేడేళ్ళుగా వండి పెడుతున్నాను ఈ మనిషికి.

ఆ గురువారం కౌన్సిల్ మీటింగులో మొదటిసారి లేచి నిలబడ్డాను. గ్యాలరీ వైపు చూడలేదు. కవరులోని రిపోర్టు మొత్తం చదివాను. ఎక్కడా ఆపలేదు. "భవనం బాగుందన్న కాగితం మీద సంతకం నాదే. చదవకుండా పెట్టాను, తప్పు నాది. కింద నా సంతకం ఉన్నా సరే, నేను ఈ సభలో నోటితో చెప్పనిదేదీ ఇకమీదట నాది కాదు. ఇది రికార్డులో రాయండి," అన్నాను. మేయర్ మంచినీళ్ళు తాగాడు. రికార్డుకెక్కిన మాట కాబట్టి కమిషనర్ ఆ సాయంత్రమే పైగదికి తాళం వేయించాడు.

మిషన్లు కిందికి దించుకుంటూ ఆ ఆడవాళ్ళు నన్నే తిట్టారు. "మేమెక్కడ కుట్టుకోవాలి ఇప్పుడు?" అని నిలదీశారు. నా పేరున ఉన్న వార్డు ఆఫీసు తాళం తీసి ఇచ్చాను. మా ఆయన పంచాయితీలు చేసే పెద్ద బల్ల మీద వాళ్ళిప్పుడు బట్టలు కత్తిరిస్తున్నారు.

ఆ సాయంత్రం ఆయన కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఎక్కు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," అన్నాడు, చాలా మెత్తగా. ఆ మెత్తదనం వినగానే వెనక్కి తిరిగాను. నడుచుకుంటూ మా అక్క ఇంటికి వెళ్ళిపోయాను.

ఏడు నెలలైంది. ఇంజనీరమ్మని బదిలీ చేశారు. భవనం నిలబడే ఉంది. ఆయన వీధి వీధికీ వెళ్ళి దాని సంగతే ఎత్తుతున్నాడట: "పడిందా? ఆడదాని మాట నమ్మి ముప్ఫై కుటుంబాల్ని రోడ్డున పడేశారు." నేను కనబడితే కొందరు మొహం తిప్పుకుంటున్నారు. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ పైగది తాళం లాగి చూసి వస్తాను.

అది నిలబడి ఉన్నంతకాలం నేను అబద్ధాలకోరునే. ఉండనీ. లోపల ఎవరూ లేరు.