అలిగినవాడి చెవులు

నేల కింద నీళ్ల సంపులోకి దిగినవాడు పిలిస్తే పలకాలి. కడిగే పనిలో మా మొదటి నియమం అదే. నా బావమరిది పలకడం లేదు.

పొద్దున అపార్ట్‌మెంట్ వాళ్ల ముందు, "వీడికి చీపురు పట్టుకోవడం కూడా నేనే నేర్పాను" అని నవ్వాను. వాడి ముఖం మాడిపోయింది. నడుముకు తాడు కట్టుకుని, ఒక్క మాట లేకుండా కిందికి దిగాడు.

"ఏరా, అలకా?" మూత దగ్గర వంగి అరిచాను.

గోడ రుద్దే చప్పుడు మాత్రం వచ్చింది. కాసేపటికి అదీ ఆగిపోయింది.

"ఒరేయ్, తప్పయిందిరా!"

తాడు అందుకున్నాను. లాగితే ఇంకా మండిపడతాడని చేయి వెనక్కి తీసుకున్నాను. నిలవలేక మళ్లీ పట్టుకున్నాను. అలక అంటే మాట మానేయడమే, వినడం మానేయడం కాదు. అలిగినవాడు మామూలు కంటే నాలుగింతలు వింటాడు.

"నిన్ను కాదని పోయిన ఆ టైలర్ పిల్ల తెలివైందిరా!"

ఆ మాటంటే వాడు ఎంత కోపంలో ఉన్నా ఊరుకోడు. అయినా కింద చడీచప్పుడు లేదు.

ఇది అలక కాదు.

వాచ్‌మన్‌ని కేకేశాను. ఇద్దరం తాడు లాగితే వాడు బస్తాలా పైకొచ్చాడు. సంపులో గాలాడక పెదవులు నల్లబడ్డాయి. వాచ్‌మన్ అంబులెన్స్‌కి ఫోన్ చేస్తుంటే, నేను వాడి చెంపలు తట్టాను.

"తిట్టరా! ఏదో ఒకటి అనరా!"

దగ్గాడు. కళ్లు తెరిచాడు. నన్ను గుర్తుపట్టి, ముఖం అటు తిప్పుకున్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది.