మా డ్రమ్ములో పడ్డ దిష్టి గుమ్మడికాయ

మా ఆయన షూటింగుల నుంచి ఇంటికి ఏం మోసుకొచ్చినా నేను నోరు మెదపలేదు. విరిగిన కుర్చీలు తెచ్చారు, సెట్టు పీకేశాక మిగిలిన చెక్కలు తెచ్చారు, వాన సీన్లకు నీళ్లు పట్టే నీలం డ్రమ్ము తెచ్చి మేడ మీద పెట్టారు. దానికి చుట్టూ బెజ్జాలు పొడిచి, కూరగాయ తొక్కలూ టీపొడి పిప్పీ అందులో వేసి, పైన ఎండుటాకులు కప్పి, పుల్లమజ్జిగ చిలకరించి ఎరువు చేస్తానంటే కూడా "సరే, మీ సరదా" అన్నాను. ఈ అమ్మాజీ నోరు మెదపలేదంటే మా పక్కింటివాళ్లు నవ్వుతారనుకోండి, అది వేరే సంగతి. కానీ ఆ రోజు కవర్లో ఆయన తెచ్చింది చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

పగిలిన బూడిద గుమ్మడికాయ! ముక్కల నిండా కుంకుమ.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా ఫిల్మ్ నగర్‌లో సినిమా మొదలైతే కొబ్బరికాయ కొడతారు, షూటింగ్ పూర్తయితే గుమ్మడికాయ కొడతారు. అన్నాళ్ల దిష్టీ దానితో పోవాలి. కొట్టాక ఎవరూ ఆ ముక్కలకేసి తిరిగి చూడకూడదు. ముప్పై ఏళ్లుగా ప్రొడక్షన్ మేనేజరుగా ఉన్న మా వీరరాఘవయ్యగారు చూడటంతో సరిపెట్టుకోలేదు, ఏరి ఇంటికి తెచ్చారు.

"ఎవరి సినిమా దిష్టో మనింటికి తెస్తారా? మీకు మతిగానీ పోయిందా?"

"మతి ఉండబట్టే తెచ్చానే. ఇంత కాయ రోడ్డు మీద పారేస్తే ఎవరికి లాభం?"

"ఇంట్లో పిల్ల మొదటి సినిమా తీస్తోందండీ!"

"దిష్టి కూడా కుళ్లి ఎరువైపోతుందిలే," అని నవ్వుకుంటూ మేడెక్కారు.

పిల్లంటే మా వర్ణిక. వాళ్లకూ వీళ్లకూ అసిస్టెంటుగా కాళ్లరిగేలా తిరిగి, చివరికి తన కథ తను డైరెక్ట్ చేసుకునే అవకాశం సంపాదించుకుంది. హీరో నిఖిల్ కొత్తవాడు, యూసుఫ్‌గూడ కుర్రాడు. షూటింగ్ సగం అయింది. ఆ గుమ్మడికాయ డ్రమ్ములో పడ్డ నెల తిరక్కుండానే నిఖిల్ బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. షూటింగ్ ఆగిపోయింది.

ఆగిపోయిన సినిమా సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. మొదట "కాస్త ఆగింది" అంటారు, తర్వాత దాని పేరే ఎత్తరు. నిర్మాత వర్ణిక ఫోన్లు తియ్యడం తగ్గించాడు. పిల్ల పొద్దున్నే స్నానం చేసి, షూటింగుకు వెళ్లేదానిలా తయారై, ఎక్కడికీ వెళ్లకుండా హాల్లో కూర్చునేది.

"ఆ డ్రమ్ము ఉంటుందో నేనుంటానో తేల్చుకోండి," అన్నాను మా ఆయనతో.

"బండి జారి వాడి కాలు విరిగితే నా డ్రమ్మేం చేసిందే?"

"అంతా అదే చేసింది!"

మర్నాడు ఆయన బయటికి వెళ్లగానే, నేనే దాన్ని కింద పడేద్దామని చీర కుచ్చిళ్లు ఎగదోపి మేడెక్కాను. చూద్దును కదా, డ్రమ్ములోంచి ఒక తీగ లేచి పిట్టగోడ మీదికి పాకుతోంది. పక్కనే వర్ణిక బాసింపట్టు వేసుకుని కూర్చుని దానికి తాడు కడుతోంది.

"అమ్మా, దీన్ని నాన్న వెయ్యలేదట. అదే వచ్చింది." ఎన్నాళ్లకో దాని ముఖంలో నవ్వు చూశాను. "ఈ ఇంట్లో ఏదో ఒకటి ముందుకు కదులుతోంది కదమ్మా."

ఆకు చూడగానే నాకు తెలిసిపోయింది, గుమ్మడి తీగ. ఆ దిష్టి గింజే మొలిచింది! కానీ ఆ నవ్వు చూశాక చెయ్యెలా వస్తుంది? "కొత్తిమీర కాడలు వేద్దామని వచ్చాలే," అని దిగిపోయాను. నా చేతిలో కొత్తిమీరా లేదు, కాడలూ లేవు.

డ్రమ్మును ఏమీ చెయ్యలేకపోయాను, కనీసం ఆ కుర్రాడికైనా దిష్టి తీసి వద్దామనుకున్నాను. మేకకాళ్ల సూపు కాచి, ఉప్పూ ఎండుమిరపకాయలూ కొంగున ముడేసుకుని యూసుఫ్‌గూడ వెళ్లాను. నిఖిల్ మంచం మీద కట్టు కాలు చాపుకుని ఉన్నాడు.

"ఎలా పడ్డావు నాయనా?"

"నా కిస్మత్ ఆంటీ. అమావాస్య మర్నాడు పొద్దుగాల జిమ్ముకు పోతుంటి. రాత్రి ఎవరో గుమ్మడికాయ నడి రోడ్డు మీద పలగ్గొట్టి పోయిండ్రు. మూల తిరిగిన్నో లేదో టైరు గా ముక్కల మీదికెక్కింది. జర్రున జారింది బండి." నవ్వాడు పాపం. "ఆళ్ల దిష్టి పోయింది, నా కాలు పోయింది."

విప్పబోయిన కొంగు ముడి మళ్లీ బిగించేశాను. సూపు తాగించి వచ్చేశాను. ఆటోలో దారి పొడుగునా అదే ఆలోచన. మా డ్రమ్ములో పడ్డ గుమ్మడికాయ ఎవరి కాలూ విరగ్గొట్టలేదు. నాలాంటి మహాతల్లి ఎవరో తిరిగి చూడకుండా వదిలేసిన గుమ్మడికాయ విరగ్గొట్టింది. సిగ్గేసింది. ఈ మాట మా ఆయనకు మాత్రం చెప్పలేదు. చెబితే ఇంకేమైనా ఉందా, బతికినన్నాళ్లూ ఎత్తిపొడుస్తారు.

ఆ రోజు నుంచి తొక్కలు సన్నగా తరిగి నేనే డ్రమ్ములో వేశాను. బియ్యం కడిగిన నీళ్లు తీగకు పోశాను. ఓ పిందె నిలబడింది. మా ఆయన ఊరుకుంటారా?

"ఏమే, అది ఉంటుందో నువ్వుంటావో అన్నావుగా?"

"ఇద్దరం ఉంటాంలెండి, మీకేం నష్టం?"

కాయకు బూడిద పట్టేనాటికి నిఖిల్ లేచి నడిచాడు. నిర్మాత అప్పటిదాకా తీసింది తెర మీద వేయించుకుని చూసి, తనే వర్ణికకు ఫోన్ చేశాడు. ఆ ఫోన్ పెట్టేసి పిల్ల నన్ను పట్టుకుని ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేను.

ఆఖరి రోజు షూటింగ్ జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా ముందు జరిగింది. మా కాయ ఒళ్లో పెట్టుకుని ఆటోలో వెళ్లాను. ప్రొడక్షన్ వాళ్లు కొన్న కాయ పక్కన పెట్టించి, "ఇది కొట్టండి," అన్నాను.

వర్ణిక ముఖం చిన్నబోయింది. "అమ్మా, దీన్నా? ఎంత ముద్దుగా పెంచుకున్నాం!"

"నీ సినిమా పూర్తవ్వాలనేగా పెంచాను? కానివ్వు."

గుమ్మడికాయ ఆడవాళ్లు కొట్టరు కాబట్టి మా ఆయన అందుకున్నారు. కర్పూరం వెలిగించి, కెమెరాకు తిప్పి, కూతురికి తిప్పి, ఒక్క దెబ్బకు నేలకేసి కొట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. వర్ణిక తండ్రిని కావలించుకుంది. ఎంతోమందితో కాయలు కొట్టించిన మనిషి, ఆయన కళ్లల్లో నీళ్లు తిరగడం అప్పుడే చూశాను.

ఆనవాయితీ ప్రకారం ఎవరూ తిరిగి చూడకుండా టిఫిన్ల వైపు నడిచారు. నిఖిల్ ఒక్కడు ఫోన్‌లో మాట్లాడుకుంటూ, కొద్దిగా కుంటుతూ ఆ ముక్కల వైపే వస్తున్నాడు.

"నాయనా, ఆగు!" అని కేకేశాను. వాడు ఉన్నచోటే నిలబడిపోయాడు. సంచిలోంచి కవరు తీసి, పట్టుచీరతో రోడ్డు మీద గొంతుక్కూర్చుని ముక్కలు ఏరడం మొదలుపెట్టాను.

మా ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డారు. "ఏమే, తిరిగి చూడకూడదు కదా?"

"చూడకపోతే ఎలా ఏరతానండీ? అదిగో, ఆ షూటింగ్ వ్యాను టైరు కింద గింజలు పడ్డాయి. మాటలాపి అవి తియ్యండి."