బటన్ నొక్కినవాడి సంచులు

గల్ఫ్‌లో, రుసైల్‌లోని ప్లాస్టిక్ సంచుల ఫ్యాక్టరీ క్యాంపులో తెల్లారగానే పళ్లు తోముకోవడం, ఆ తర్వాత ఎవరి సంచులు వాళ్లు ఏరుకోవడం అలవాటు. ఏ దేశంలో వాడి పారేసినా, ప్లాస్టిక్ సంచి ఎప్పటికైనా దాన్ని తయారుచేసిన మిషన్ మీద పచ్చ బటన్ మొదట నొక్కినవాడి దగ్గరికే తిరిగొస్తుంది. కొన్ని సముద్రం మీదుగా ఉప్పు పట్టి వస్తాయి, కొన్ని ఒంటెలు నమిలి ఊసినవి. "నీది మస్తు దూరం పొయ్యొచ్చినట్టున్నదే" అని ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ మూట కట్టేసి, బస్సెక్కి డ్యూటీకి పోతారు.

లింబాద్రికి ఆ ఎగతాళి పడదు. కిందటిసారి లీవు మీద నిర్మల్ పక్కనున్న ఊరికి పోతే సంచులూ వెంటబడి వచ్చాయి. పొలమంతా కప్పేశాయి. పక్కింటి కాశమ్మ బర్రె ఒక సంచిని మింగి చచ్చిపోయింది. ఊళ్లో మొహం చూపించలేక లీవు అయిపోకముందే వెనక్కి వచ్చేశాడు. తర్వాత అతను బటన్ నొక్కిన పాత మిషన్‌ను తుక్కు కింద అమ్మేసి, అతన్ని గేటు దగ్గర కాపలా పెట్టారు. అప్పటినుంచి సంచులు తగ్గుతూ వచ్చి, ఈ చలికాలంలో పూర్తిగా ఆగిపోయాయి. ఇక ఇంటికి పోవచ్చు. టికెట్ తీసుకున్నాడు. ఊళ్లో భార్య గౌరవ్వ గోడలకు సున్నం కూడా వేయించింది.

సరిగ్గా అప్పుడే కంపెనీ కొత్త మిషన్ దించింది, పాతదానికి మూడింతలు. ఇక్కడి దుకాణాల్లో సంచులు బంద్ అవుతున్నాయి కదా, మరి ఇంత మిషన్ దేనికని అడిగినవాడు లేడు. కార్లు కరెంటుతో నడిచే రోజులొస్తున్నాయి, మిగిలిపోయే చమురును ప్లాస్టిక్‌గానైనా అమ్ముకోవాలి, ఇక్కడ వద్దన్న సంచి ఇంకో దేశానికి పోతుంది. పూలకుండీలు పేర్చిన వేదిక మీద పెద్దలు భూమిని కాపాడుకోవాలని చాలాసేపు మాట్లాడారు. రిబ్బన్ వాళ్లే కత్తిరించారు. బటన్ మాత్రం ఒక్కరూ ముట్టుకోలేదు.

"చలో భూమేశ్, బటన్ దబావ్," అన్నాడు మేనేజర్.

భూమేశ్ లింబాద్రి తమ్ముడు. కొత్తగా ఆపరేటర్ అయ్యాడు. అతని ముగ్గురు పిల్లలూ ఊళ్లో వాళ్ల తల్లి దగ్గరే ఉన్నారు. లింబాద్రి గేటు వదిలేసి అతని పక్కకు వచ్చాడు.

"నొక్కకురా."

"నొక్కకుంటే వాపస్ పంపుతరన్నా. పిల్లలకేం పెట్టాలె?"

"నొక్కితే ఆ పిల్లల దగ్గరికి ఎట్ల పోతవ్?"

భూమేశ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా చెయ్యి లేపాడు. లింబాద్రికి గౌరవ్వ గుర్తొచ్చింది. అయినా తమ్ముణ్ని భుజంతో పక్కకు నెట్టి తనే నొక్కేశాడు. మిషన్ కదిలింది. పెద్దలు చప్పట్లు కొట్టారు. నొక్కింది అన్నో తమ్ముడో వాళ్లకు పట్టలేదు.

శుక్రవారం ఇంటికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"తమ్ముని సంగతి చూస్కున్నవ్. మరి నా సంగతి?" అన్నది గౌరవ్వ.

ఏడుస్తుందనుకున్నాడు గానీ ఏడవలేదు.

"ఆడ ఇండ్లల్ల పనికి ఆడోళ్లను తీస్కుంటరట గదా," అన్నది. "కాశమ్మ కోడలు గూడ నీ దగ్గర్నే, ఘుబ్రాల పని చేస్తున్నదట. రేపే పోయి పాస్‌పోర్టుకు పెట్టుకుంట."

లింబాద్రి వద్దనాలనుకున్నాడు. పాస్‌పోర్టుకు ఏ కాగితాలు కావాలో చెప్పాడు.