హైమవ్వ ముట్టిన గుడ్డు

ఏం చూశారో ముందు చెప్పండి. విన్నది వద్దు. పుస్తకంలో చదివింది అసలే వద్దు. చన్నీళ్ళలో గుడ్డు వేశారు, పొయ్యి వెలిగించారు, నీళ్ళు మరిగాయి, గుడ్డు గట్టిపడింది. అంతేనా మీరు చూసింది? అంతే అయితే నూటికి నూరు మార్కులూ వేసి మిమ్మల్ని కూర్చోబెట్టొచ్చు. మా వాళ్ళందరికీ అలాగే వేశారు.

జూలూల దేశంలో మన వాళ్ళుండే పేట చాట్స్‌వర్త్‌లో ఐరిస్ టీచరు కూడా పాఠం ఇలాగే మొదలుపెట్టేది. "కళ్ళతో చూసింది నోటితో చెప్పండి" అనేది. పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకునేది. ఆమె పుట్టింటివాళ్ళు ఏనాడో చర్చిలో చేరారు. గోడకి అవతల గదిలో అత్తగారు హైమావతి అదే వేళకి దీపం పెట్టేది.

"మీ యేసయ్యకి చెప్పవే, ఇవాళ వాన వద్దని. బట్టలు ఆరేశాను."

"మీ అమ్మోరికి చెప్పండి అత్తా. నిన్నటి వాన ఆవిడదే."

తర్వాత ఇద్దరూ కలిసి టీ తాగేవారు. టోస్టుని హైమవ్వ ఫోర్కుతో గుచ్చుకుని తినేది. చేత్తో పట్టుకుంటే అది మళ్ళీ మెత్తటి బ్రెడ్డు అయిపోయేది. ఆమె చెయ్యి అలాంటిది. ఉడికింది, వేగింది, కాలింది ఏదైనా సరే, ఉత్త చేత్తో ముట్టుకుంటే ముందెలా ఉండేదో అలా అయిపోయేది. అందుకే గిన్నెలు తోముకునే ఎర్ర రబ్బరు గ్లౌజులు వేసుకుని తిరిగేది. ఎవరింట్లో పెళ్ళికైనా బిర్యానీ మాడితే కారు పంపేవారు. ఆమె వచ్చి, గ్లౌజులు తీసి, చల్లారిన డేగిశాలో చేతులు పెట్టేది. బియ్యం, మసూరు పప్పు, మాంసం వేటికవి అయిపోయేవి. వంటవాళ్ళు మళ్ళీ పొయ్యి వెలిగించేవారు. ఒకసారి గోడకి చెయ్యి ఆనించి పక్కింటావిడతో మాట్లాడుతుంటే ఇటుక మట్టయి రాలిపోయింది. కౌన్సిల్ మనుషులు వచ్చి వేరే ఇటుక పెట్టి, "గోడలకి ఆనుకోవద్దు ఆంటీ" అని చెప్పి వెళ్ళారు.

వాళ్ళ పెరట్లో ఒక ద్వారబంధం ఉండేది. ఇల్లు లేదు, తలుపు లేదు, ఉత్త ద్వారబంధం. అరవైల్లో తెల్లవాళ్ళ ప్రభుత్వం కేటో మేనర్ కొండ మీద నుంచి మన వాళ్ళని వెళ్ళగొట్టినప్పుడు, హైమవ్వ వాళ్ళు చెక్కా రేకూ వేసి కట్టుకున్న ఇంటికి నిప్పు పెట్టారు. హైమవ్వ రెండు చేతులూ బూడిదలో పెట్టింది. పిల్లలు ఏడుస్తున్నారు, లారీవాడు హారను కొడుతున్నాడు. దొరికిన కాస్త వ్యవధిలో ద్వారబంధం ఒక్కటి వెనక్కి వచ్చింది. దాన్నే లారీ ఎక్కించుకుని చాట్స్‌వర్త్ వచ్చారు. ఇప్పుడు దాని మీద చిక్కుడు తీగ పాకింది.

ఆ తర్వాత బడి పుస్తకాల్లో ఏం రాశారో తెలుసా? భారతీయులు మెరుగైన ఇళ్ళ కోసం తరలి వెళ్ళారని! ఆ ద్వారబంధం కింద ఆడుకున్న పిల్లలే పరీక్షలో ఆ ముక్క రాశారు. మార్కులు వచ్చాయి. ఆ మార్కులతోనే టీచర్లయ్యారు, ప్రిన్సిపాళ్ళయ్యారు.

తొంభై ఐదు వచ్చింది. రంగు తేడా లేకుండా అందరం మొదటిసారి వరసల్లో నిలబడి ఓట్లు వేసి ఏడాది కావస్తోంది. ఇక బడులు అందరివీ అని ప్రభుత్వం చెప్పింది. చెప్పడం వేరు, గేటు తియ్యడం వేరు. బడి ఉన్న కొండ దిగువన రేకు గుడిసెల్లోంచి తండేకా అనే జూలూ పిల్ల ఐరిస్ క్లాసుకి వచ్చింది. వాళ్ళమ్మ పక్క పేట షాల్‌క్రాస్‌లో ఇళ్ళకి వెళ్ళి బట్టలు ఉతికేది. పిల్లకి ఇంగ్లీషు కొంచెం కొంచెం వచ్చు.

ప్రిన్సిపాల్ హెరాల్డ్ నాయుడు చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఇంగ్లీషు రాని పిల్లలొస్తే మా పిల్లల చదువు పాడవుతుందని తల్లిదండ్రులు అతని మీద పడ్డారు. అతనొక షరతు పెట్టాడు. పిల్ల వారం రోజులు కూర్చుంటుంది. శుక్రవారం పాఠం అయ్యాక తనొచ్చి ఒక ప్రశ్న అడుగుతాడు. సరిగ్గా చెబితే ఉంటుంది. చెప్పకపోతే కొండవతల బడికి పోవాలి. అక్కడ పిల్లలు కిటికీల మీద కూర్చుని వింటారు, టీచరు వచ్చిన రోజున.

"మన పిల్లలకి ఇలాంటి పరీక్ష ఎప్పుడైనా పెట్టారా సార్?" అని అడిగింది ఐరిస్.

"నన్ను మధ్యలో నలిపెయ్యకు ఐరిస్" అన్నాడు హెరాల్డ్.

ఆ శుక్రవారం పాఠం వేడీ చల్లదనం. వేడి చేస్తే ఏవి మారతాయి, చల్లబరిస్తే ఏవి వెనక్కి వస్తాయి, ఏవి రావు. గదిలో ప్లగ్గు పని చెయ్యదు. అందుకని ఐరిస్ ఇంట్లోని చిన్న గ్యాస్ స్టవ్ తెచ్చింది. పిల్లల్ని, మంటని ఒక్కర్తీ చూసుకోలేక అత్తగారినీ తెచ్చింది. హైమవ్వ గ్లౌజులు తొడుక్కుని స్టవ్ పక్కన కుర్చీలో కూర్చుంది. తండేకా ముందు బెంచీలోంచి ఆ ఎర్ర చేతుల్నే చూస్తోంది.

ఐసుగడ్డ పళ్ళెంలో కరిగింది. ఆ నీళ్ళు స్టాఫ్‌రూమ్ ఫ్రీజర్‌కి వెళ్ళి మధ్యాహ్నానికి గడ్డై తిరిగొచ్చాయి. చాక్లెట్ డబ్బాలో కరిగి, ఐసు మీద పెడితే మళ్ళీ బిగిసింది. షేన్ అనేవాడు అందులో వేలు ముంచి నాకాడు.

"ఒరేయ్, వేలికంటింది వెనక్కి వస్తుందా?" అని అడిగింది హైమవ్వ.

"నా పొట్టలోంచి రాదు అవ్వా!"

క్లాసంతా నవ్వింది. అప్పుడే హెరాల్డ్ వచ్చి వెనక నిలబడ్డాడు. నవ్వు ఆగింది.

ఐరిస్ మంట మీద బ్రెడ్డు ముక్క కాల్చింది. రెండు గుడ్లు ఉడికాయి. ఒకదాన్ని చాకుతో సగానికి కోసి, గట్టిపడిన పచ్చసొన అందరికీ చూపించింది. "రెండోది పొట్టు తియ్యండి అత్తా" అంది.

రబ్బరు వేళ్ళకి పొట్టు పట్టు దొరకలేదు. హైమవ్వకి విసుగొచ్చి కుడిచేతి గ్లౌజు పళ్ళతో లాగేసింది. పొట్టు ఊడొచ్చింది. తెల్లటి గుడ్డు అరచేతిలో ఒక్క క్షణం నిలిచింది. తర్వాత మెత్తబడింది. తెలుపు పోయి నీళ్ళలా తేటపడింది. వేళ్ళ సందుల్లోంచి జారి కింద గిన్నెలో పడింది. మధ్యలో పచ్చసొన గుండ్రంగా నిలబడింది, ఇప్పుడే కొట్టి పోసినట్టు.

"గ్లౌజు, అత్తా" అని ఐరిస్ చెయ్యి తుడుచుకోవడానికి గుడ్డ అందించింది.

అంతే. హైమవ్వ చెయ్యి అందరూ ఎరిగినదే. ఐరిస్ బోర్డు మీద నిలువుగా గీత గీసింది. ఎడమవైపు వెనక్కి వచ్చేవి, కుడివైపు రానివి.

"ఐసు?"

"వస్తుంది మిస్!"

"చాక్లెట్టు?"

"వస్తుంది మిస్!"

"టోస్టు?"

"రాదు మిస్!"

"గుడ్డు?"

"రాదు మిస్!" క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. పచ్చిగుడ్డు వాళ్ళ ముందు గిన్నెలోనే ఉంది.

హెరాల్డ్ ముందుకి వచ్చి తండేకా దగ్గర ఆగాడు. అందరూ జవాబు చెప్పేశారు, విని అప్పజెబితే చాలు. పిల్ల గట్టెక్కాలనే అతనూ ఆ ప్రశ్నే అడిగాడు. "ఇందాక చూసినవాటిలో ఏవి వెనక్కి వచ్చాయో చెప్పు."

పిల్ల లేచి నిలబడింది. "ఐసు." ఆగింది. "చాక్లెట్టు." ఐరిస్ ఊపిరి వదిలింది. "గుడ్డు."

షేన్ పకపకా నవ్వాడు. హెరాల్డ్ ముఖం వాడిపోయింది. "మళ్ళీ ఆలోచించు. అందరూ ఏమన్నారు?"

తండేకాకి ఇంగ్లీషు మాటలు చాల్లేదు. బల్ల దగ్గరికి నడిచింది. కోసిన గుడ్డు చూపించి, "ఇది రాలేదు" అంది. గిన్నె చూపించి, "ఇది వచ్చింది. గట్టిగా ఉంది. గోగో పట్టుకుంది. నీళ్ళయింది" అంది. గోగో అంటే వాళ్ళ భాషలో అవ్వ.

"అది హైమవ్వ చెయ్యమ్మా. అది లెక్కలోకి రాదు."

"ఎందుకు రాదు సార్?"

హెరాల్డ్ ఐరిస్‌ని చూశాడు. ఐరిస్ గిన్నెలోకి చూసింది, అదేదో మొదటిసారి చూస్తున్నట్టు. "ఆ పిల్ల చూసింది చెప్పింది సార్" అంది నెమ్మదిగా. "మేము చదివింది చెప్పాం."

"రూలు రూలే ఐరిస్. జవాబు తప్పు."

హైమవ్వ లేచింది. మాటలు ఇంగ్లీషయిపోయినా ఆమె తిట్లింకా తెలుగే. "ఒరేయ్ హెరాల్డూ! నీ పెళ్ళినాడు డేగిశా అడుగంటితే మీ నాయన చెప్పుల్లేకుండా నా గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చాడు. ఆవేళ ఊరంతా తిన్నారే, నువ్వూ మింగావే! అది లెక్కలోకి వచ్చిందా, రాలేదా? చెప్పరా సచ్చినోడా, పిల్లల ముందే చెప్పు."

తిట్టు పిల్లలకి అర్థం కాలేదు. ప్రిన్సిపాల్ చెవులు ఎర్రబడ్డం మాత్రం కనబడింది.

"వచ్చింది అవ్వా" అన్నాడతను.

"మరి?"

హెరాల్డ్ తండేకాకేసి తిరిగి, "సోమవారం యూనిఫాం వేసుకుని రా. మీ అమ్మకి చెప్పు" అన్నాడు. తండేకా తిరిగి కూర్చుని పెన్సిల్ తీసింది. మరి ఆ బడి వదల్లేదు. ఆమె వెనక ఆ దిగువ గుడిసెల పిల్లలు ఇంకొందరు వచ్చారు. వాళ్ళని ఎవరూ ప్రశ్నలు అడగలేదు.

కానీ ఆ రోజు హెరాల్డ్ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "బోర్డు మీద మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయి ఐరిస్. ఇన్‌స్పెక్టర్లు వస్తారు" అనేసి పోయాడు.

ఐరిస్ సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడిపోయింది. వెనక పిల్లలందరూ చూసి రాసుకోవడానికి పుస్తకాలు తెరుచుకుని కూర్చున్నారు. తండేకా కూడా.

మీరు మొదట్నించీ ఇక్కడే ఉన్నారు, మీకూ కళ్ళున్నాయి. ఇదిగో సుద్దముక్క, పట్టుకోండి. గుడ్డుని ఆ గీతకి ఏ పక్కన రాస్తారు?