వలముక్క గీసిన సుడులు

నల్ల కారు వాడేవాడికి ఓపికైనా ఉండాలి, లేకపోతే చూపైనా మందగించి ఉండాలి. మురికి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, ఎండలో నిలబెట్టగానే దాని ఒళ్లంతా సుడులు సుడులుగా సన్నటి గీతలు బయటపడతాయి. తడ దగ్గర హైవే పక్కన నా షెడ్డు. పదకొండేళ్లుగా ఆ గీతలు తీయడమే నా పని. జనం ప్రేమగా తుడిచీ తుడిచీ కార్లను పాడు చేస్తారు, నేను తిట్టుకుంటూ బాగు చేస్తాను. తిట్టుకోకుండా పని చేయడం నాకు చేతకాదు.

ఆగస్టులో ఒక పొద్దున పెంచల్ వచ్చాడు. అతను ఫ్యాక్టరీలో ఒక పెద్ద అధికారికి డ్రైవరు. అతనిది పులికాట్ సరస్సు గట్టు మీది పల్లె. ఆ ఇంట్లో చేపల వేట మాని స్టీరింగ్ పట్టుకున్న మొదటివాడు అతనే. అధికారి పన్నెండు రోజులు సొంతూరికి వెళుతూ తన నల్ల కారును పెంచల్ దగ్గర వదిలాడు. ఆ గడువు తీరి మర్నాడు పొద్దున్నే తిరిగి వస్తున్నాడు. కారు వెనక సీట్లో పెంచల్ తల్లి అంకాలమ్మ కూర్చుని ఉంది. అతను నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు.

"గిద్యోనన్నా, కారు చూసినావా?"

"చూసినాలే. ఎవురు తోమినారు, అంట్లగిన్నె అనుకోని?"

"మా అమ్మ. నేను నిద్ర లేసేలోగా రోజూ కడిగేసేది. వలముక్కతో."

మా తీరంలో చిరిగిన నైలాను వలను పారేయరు. ముక్కలు కోసి ఉండచుట్టి ఒళ్లు రుద్దుకుంటారు, గిన్నెలు తోముతారు, పడవ కూడా దాంతోనే కడుగుతారు. కొడుకు తెచ్చిన కారును అంకాలమ్మ పడవను చూసుకున్నట్టే చూసుకుంది. గాలికి వచ్చి పడిన ఇసుకతో సహా తోమి, శుక్రవారం పసుపు కూడా రాసింది.

"మా సారు ఇట్టాంటివి ఊరుకోడన్నా. నాకు ముందున్న డ్రైవరును చిన్న గీత పడిందనే తీసేసినాడు. ఈ పని పోతే నేను మళ్లా వేటకు పోవాల్సిందే. ఎట్టైనా ఈ రోజుకు తీసెయ్. ఇంకో మాట. అమ్మకు మాత్రం చెప్పబాక. దుమ్ము పట్టకుండా మైనం పూయిస్తా ఉండామని చెప్పినా. తన చేత్తోనే ఇట్టయిందని తెలిస్తే తట్టుకోలేదు."

చెప్పనని మాటిచ్చాను. పెంచల్ వాళ్ల సారు ఇల్లు శుభ్రం చేయించడానికి వెళ్లాడు. అంకాలమ్మ స్టూలు వేసుకుని షెడ్డులోనే కూర్చుంది.

కారు రంగు మీద గాజులాంటి పొర ఒకటి ఉంటుంది, కాగితం కన్నా పల్చన. గీతలు పడేది దాని మీదే. వాటిని పూడ్చడం అంటూ ఉండదు, గీత లోతు వరకు చుట్టూ ఉన్న పొరను మిషన్‌తో అరగదీయడమే. కొంచెం ఎక్కువ అరిగితే అడుగున ఉన్న రంగు కూడా లేచిపోతుంది. బానెట్ మీద మడత లేచిన గట్టు దగ్గర ఆ పొర మరీ పల్చగా ఉంటుంది. అక్కడ టేపు అంటించాకే మిషన్ పెట్టాలి. ఈ పనిలో చేరినవాడికి మొదటి వారంలోనే నేర్పే సంగతి ఇది.

మధ్యాహ్నానికి నాలుగు తలుపులూ అద్దంలా తేలాయి. అంకాలమ్మ కబుర్లు చెబుతూనే ఉంది. కొడుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఈ కారులో వచ్చిన రోజు పల్లెలో అందరూ వచ్చి చూశారట. నేను ఊకొడుతూ బానెట్ ఒక విడత పూర్తి చేశాను. టేపు తీసి చూసుకుని, కొత్త టేపు కోసం వెనక్కి తిరిగాను. అప్పటికి ఆమె లేచి కారు తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతిలో వలముక్క.

"ఈడ కాస్త తెల్లగా పొడి ఉండాది నాయనా, తుడిచేస్తా," అంది.

"ముట్టుకోబాక. ఆ వలముక్కతోనే గదా కారంతా నాశనం చేసినావు."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. "చూపించు," అంది. తప్పించుకునే దారి లేక టార్చి వేసి, బానెట్ మీద ఇంకా మిగిలి ఉన్న సుడులు చూపించాను. ఆమె వంగి చాలాసేపు చూసింది.

"పెంచలుకు తెలుసా?"

"తెలుసు."

"అందుకేనా, వాడు నాలుగు దినాలుగా సరిగ్గా అన్నం తినంది."

వలముక్కను సంచిలో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ఏడ్చినా బాగుండేది. నా నోటి మీద నాకే ఒళ్లు మండిపోయింది. ఆమె ముఖం చూడలేక మిషన్ ఆన్ చేసి, ఆ కోపమంతా బానెట్ మీద చూపించాను. కాలిన వాసన వచ్చాక గానీ టేపు అంటించలేదని గుర్తు రాలేదు. మిషన్ ఎత్తి చూస్తే గట్టు మీద బొటనవేలంత మేర రంగు లేచిపోయి బూడిద రంగు మచ్చ తేలింది. దానికి పాలిష్ పనికిరాదు, మళ్లీ రంగు వేయాల్సిందే. అది ఒక్క రోజులో అయ్యే పని కాదు.

అప్పుడే పెంచల్ వచ్చాడు. మచ్చ చూసి తెల్లబోయాడు. నేను నోరు తెరిచేలోగా అంకాలమ్మ లేచింది.

"నేనేరా. ఆడ మొన్న కాకి రెట్ట ఎండిపోయి ఉంటే గట్టిగా తోమినా, అదే ఇప్పుడు బయటపడింది. నాకంతా తెలిసిపోయింది, అన్నను ఏమీ అనబాక."

పెంచల్ నా వైపు తిరిగాడు. "అంతేనా అన్నా? చేత్తో తోమితే ఇంత రంగు పోతాదా?"

పదకొండేళ్ల పేరు గుర్తొచ్చింది. గిద్యోను కారు రంగు కాల్చాడంటే ఈ చుట్టుపక్కల నా షెడ్డుకు ఎవడొస్తాడు అనిపించింది.

"గట్టిగా తోమితే పోతాది," అన్నాను.

పెంచల్ కారు తాళం కోసం చెయ్యి చాపాడు. ఇద్దరూ కారెక్కి వెళ్లిపోయారు. సారు మర్నాడే అతన్ని పనిలోంచి తీసేశాడని వారం తర్వాత తెలిసింది. తెలిసి కూడా నేను కదల్లేదు.

నెల దాటాక అంకాలమ్మ ఒక్కతే షేర్ ఆటో దిగింది. ఎండుచేపల పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"వాడు నాతో మాట్లాడడం లేదు నాయనా. వేటకు పోతాడు, వస్తాడు, పెడితే తింటాడు. మాట మాత్రం లేదు. నువ్వు చెప్తే వింటాడు. మీ అమ్మ కావాలని చెయ్యలేదు, తెలియక చేసిందని ఒక్క మాట చెప్పు."

ఇంక నా వల్ల కాలేదు. టేపు సంగతి, మిషన్ సంగతి, నా అబద్ధం, అన్నీ చెప్పేశాను. ఆమె చేతి గీతలు ఇంకో గంటలో పోయేవేనని, ఆ మచ్చ పూర్తిగా నాదేనని చెప్పాను. ఆమె మధ్యలో అడ్డు రాకుండా అంతా విని, నా భుజం తట్టింది.

"నన్ను ఓదార్చేదానికి నీ పని మీద నువ్వే నింద వేసుకోబాక నాయనా. ఆ రోజు నీ పని పొద్దుటి నుంచి చూసినా గదా, నీకు అట్టాంటి పొరపాటు రాదు. ఈ మాట ఎవురన్నా వింటే నీ కాడికి బండ్లు వస్తాయా?"

ఒట్టేసి చెప్పినా నమ్మలేదు. నేను మంచివాణ్నని నలుగురూ తనకు ముందే చెప్పారంది. ఆటో వస్తే ఎక్కి వెళ్లిపోయింది.

నేను షట్టరు దించి బండి తీశాను. వేటకు వెళ్లిన పడవలు సాయంత్రానికి వాళ్ల పల్లె ఒడ్డుకు వస్తాయి. పెంచల్ నా మాట నమ్ముతాడో లేదో తెలియదు. నమ్మితే కొడతాడు. కొడితే బాగుండు.